లోడ్ పెట్టగానే వోల్టేజ్ పడిపోతోంది: స్విచింగ్ రెగ్యులేటర్ ప్రోటోటైప్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

లోడ్ లేనప్పుడు మీటర్ 5.02 చూపిస్తుంది, చూడ్డానికి ముచ్చటేస్తుంది. 2 ఆంప్స్ లాగగానే 4.4కి జారిపోతుంది. సొంతంగా బక్ కన్వర్టర్ (ఎక్కువ వోల్టేజ్‌ని తక్కువకి దించే స్విచింగ్ రెగ్యులేటర్) కట్టినవాళ్ళలో ఈ దెబ్బ తినని వాళ్ళు తక్కువే. కింద ఉన్న ప్రశ్నల్లో కొన్ని పదేపదే అడిగేవి, కొన్ని నాకు నేనే తల పట్టుకుని అడుక్కున్నవి. లెక్కలన్నీ 12 వోల్ట్స్ నుంచి 5 వోల్ట్స్‌కి, 150 కిలోహెర్ట్జ్, 2 ఆంప్స్ లోడ్, ఎల్ఎం2596 లాంటి ఐసీ అనుకుని వేశా. మీది వేరే ఐతే అంకెలు మార్చుకోండి.

ఐసీ డూప్లికేట్ అయ్యుంటుందా? మార్చేసి చూడనా?

ఆగండి. డూప్లికేట్ ఐసీలు ఉన్నమాట నిజమే కానీ అది చివరి అనుమానం. ముందు లోడ్ ఉండగానే నాలుగు చోట్ల కొలవండి: ఐసీ ఇన్‌పుట్ పిన్ దగ్గర, అవుట్‌పుట్ కెపాసిటర్ కాళ్ళ దగ్గర, లోడ్ టెర్మినల్స్ దగ్గర, ఇంకా ఫీడ్‌బ్యాక్ పిన్ (అవుట్‌పుట్ ఎంతుందో ఐసీ చూసుకునే కాలు) దగ్గర. లోడ్ తీసేసి కొలిస్తే అన్నీ కరెక్టే వస్తాయి, అందులో మీకు తెలిసేదేం ఉండదు. నల్ల ప్రోబ్ ఎక్కడో దొరికిన గ్రౌండ్‌కి కాకుండా ఐసీ గ్రౌండ్ పిన్‌కే పెట్టాలి, ఎందుకో కింద చెప్తా. లోడ్ దగ్గర కొలిచేటప్పుడు మాత్రం రెండు ప్రోబ్‌లూ లోడ్ మీదే.

అన్నిటికన్నా ముఖ్యం ఫీడ్‌బ్యాక్ పిన్. ఎల్ఎం2596 అడ్జస్టబుల్ (అవుట్‌పుట్‌ని డివైడర్ అనే రెండు రెసిస్టర్లతో తగ్గించి ఈ పిన్‌కి ఇచ్చే రకం) ఐతే అక్కడ 1.23 వోల్ట్స్ ఉండాలి, 5 వోల్ట్స్ ఫిక్స్‌డ్ రకం ఐతే ఆ పిన్ మీదే 5 ఉండాలి. లోడ్ దగ్గర వోల్టేజ్ పడిపోయినా ఫీడ్‌బ్యాక్ పిన్ మీద 1.23 చెక్కుచెదరకుండా ఉందంటే, పాపం రెగ్యులేటర్ తన పని తను చేస్తోంది, దానికి చేరే కబురే తప్పు, కాబట్టి వైర్లు, గ్రౌండ్, సెన్స్ పాయింట్ (ఫీడ్‌బ్యాక్ కోసం అవుట్‌పుట్‌ని తీసుకునే చోటు) చూడాలి. అదే ఫీడ్‌బ్యాక్ పిన్ కూడా 1.05కో 1.1కో పడిపోయిందనుకోండి, రెగ్యులేటర్‌కి తెలుసు, ఇవ్వాలనే చూస్తోంది, ఇవ్వలేకపోతోంది. అప్పుడు ఇన్‌పుట్ సప్లై, కాయిల్, కరెంట్ లిమిట్, వేడి చూడాలి. ఈ ఒక్క కొలతతో సగం అనుమానాలు ఎగిరిపోతాయి, అయినా జనం దీన్ని వదిలేసి కెపాసిటర్లు మారుస్తూ కూర్చుంటారు (నేనూ కూర్చున్నా).

ఎంత పడింది అన్నదాన్ని బట్టి కారణం చెప్పొచ్చా?

ఎంత అన్నదానికన్నా ఎలా పడింది అన్నది ఎక్కువ చెప్తుంది. లోడ్‌ని పావు ఆంప్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ వోల్టేజ్ రాసుకోండి. లోడ్ పెరిగేకొద్దీ గీత గీసినట్టు తిన్నగా దిగుతుంటే అది రెసిస్టెన్స్ బాపతు, 2 ఆంప్స్‌కి 0.6 వోల్ట్ పడిందంటే దారిలో ఎక్కడో 0.3 ఓమ్ ఉన్నట్టే లెక్క. 1.5 ఆంప్స్ దాకా బండరాయిలా నిలబడి ఆ తర్వాత ఒక్కసారిగా కూలిందంటే కరెంట్ లిమిటో, కాయిల్ సాచురేషనో (కోర్ ఇక మొయ్యలేక ఇండక్టెన్స్ పడిపోవడం), సప్లై చేతులెత్తేయడమో. లోడ్ మార్చకుండానే అయిదు నిమిషాలకి మెల్లగా దిగితే వేడి. లోడ్ తగిలిన క్షణంలో గుంటలా పడి మళ్ళీ లేస్తే కెపాసిటర్ లేదా ఫీడ్‌బ్యాక్ లూప్ సంగతి, అది మీటర్‌లో కనపడదు, ఆసిలోస్కోప్ కావాల్సిందే.

టెస్ట్ చెయ్యడానికి లోడ్‌గా ఏం పెట్టాలి?

పవర్ రెసిస్టర్లు పెట్టండి. 5 ఓమ్ ఒకటి పెడితే 1 ఆంప్, 5 వాట్స్, అలాంటివి రెండు పేరలల్‌లో పెడితే 2 ఆంప్స్. ఒక్కోటీ 10 వాట్స్ రేటింగ్‌ది తీసుకోండి, 5 వాట్స్‌ది కూడా లెక్కకి సరిపోతుంది గానీ చెయ్యి తగిలితే కాలుతుంది. ఫిలమెంట్ బల్బ్ మాత్రం వద్దు, చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ వెలిగేటప్పటి కన్నా పదో వంతు దాకా ఉంటుంది, స్టార్టింగ్‌లోనే కరెంట్ లిమిట్ కొట్టేసి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఫీడ్‌బ్యాక్ పిన్ దగ్గర 1.23 కరెక్ట్‌గా ఉంది, లోడ్ దగ్గర మాత్రం 4.6 ఉంది. ఎక్కడ పోతోంది?

వైర్లలో. ఆడ-మగ పిన్నులతో వచ్చే సన్న జంపర్ వైర్లు చాలావరకు 28 గేజ్‌కి అటూ ఇటూగా ఉంటాయి, 28 గేజ్ రాగి వైర్ ఐతే మీటర్‌కి దాదాపు 0.21 ఓమ్. 20 సెంటీమీటర్ల వైర్ అంటే పోను 20, రాను 20, మొత్తం 40, అంటే 85 మిల్లీఓమ్స్, 2 ఆంప్స్‌కి 0.17 వోల్ట్ అక్కడే స్వాహా. పిన్నుల దగ్గర కాంటాక్ట్ రెసిస్టెన్స్ దీనికి అదనం. పీసీబీ ట్రాక్ కూడా తక్కువేం తినదు, మామూలు 35 మైక్రాన్ల రాగి మీద ఒక చదరానికి అర మిల్లీఓమ్ అని గుర్తుపెట్టుకోండి, 1 మిల్లీమీటర్ వెడల్పు, 50 మిల్లీమీటర్ల పొడవు ట్రాక్ అంటే 50 చదరాలు, 25 మిల్లీఓమ్స్, 2 ఆంప్స్‌కి 50 మిల్లీవోల్ట్స్.

ఇక గ్రౌండ్ సంగతి. పాజిటివ్ వైపు పడేది అందరికీ తడుతుంది, గ్రౌండ్ వైపు పడేది తట్టదు, పైగా అదే ఎక్కువ దెబ్బ కొడుతుంది. డివైడర్‌లో కింది రెసిస్టర్‌ని ఐసీ గ్రౌండ్ పిన్ దగ్గర కాకుండా లోడ్ వైపు గ్రౌండ్ ట్రాక్‌కి దించారనుకోండి. లోడ్ కరెంట్ ఆ ట్రాక్ మీదుగానే వెనక్కి వస్తుంది కాబట్టి ఆ చోటు ఐసీ గ్రౌండ్ కన్నా కొంచెం పైన ఉంటుంది, 50 మిల్లీఓమ్స్ ట్రాక్‌కి 2 ఆంప్స్ అంటే 0.1 వోల్ట్. ఐసీకి ఏమనిపిస్తుందంటే అవుట్‌పుట్ ఎక్కువైపోయింది, తగ్గించాలి అని. ఎంత తగ్గిస్తుందీ అంటే ఆ 0.1ని డివైడర్‌లో పై రెసిస్టర్‌ని కింది దానితో భాగించి వచ్చిన దానితో గుణించినంత. 5 వోల్ట్స్‌కి ఆ నిష్పత్తి దాదాపు 3.07, కాబట్టి అవుట్‌పుట్ 0.3 వోల్ట్ దిగుతుంది, ఆ పైన గ్రౌండ్‌లో పోయిన 0.1 కూడా లోడ్‌కి నష్టమే. మొత్తం 0.4 వోల్ట్, అదీ ఒక చిన్న ట్రాక్ వల్ల, ఫీడ్‌బ్యాక్ పిన్ దగ్గర చూస్తేనేమో అంతా భేషుగ్గా 1.23. నల్ల ప్రోబ్ ఐసీ గ్రౌండ్ పిన్‌కే పెట్టమన్నది ఇందుకే, ఎక్కడ పడితే అక్కడ పెడితే ఈ 0.1 దొరకదు. సరిచెయ్యడం తేలికే, కింది రెసిస్టర్ కాలు తీసి ఐసీ గ్రౌండ్ పిన్‌కి నేరుగా సోల్డర్ చెయ్యండి.

మరి ఫీడ్‌బ్యాక్ వైర్‌ని తీసుకెళ్ళి లోడ్ దగ్గరే కలిపేస్తే?

చెయ్యొచ్చు, పాజిటివ్ వైపు పోయేది కవర్ అవుతుంది. కాకపోతే రెండు జాగ్రత్తలు. డివైడర్ రెసిస్టర్లు రెండూ ఐసీ పక్కనే ఉండాలి, పొడుగ్గా వెళ్ళేది అవుట్‌పుట్ నుంచి వచ్చే వైర్ మాత్రమే, అదీ కాయిల్‌కీ స్విచ్ నోడ్‌కీ (స్విచ్, డయోడ్, కాయిల్ కలిసే చోటు) దూరంగా. రెండోది, ఆ సెన్స్ వైర్ ఊడిపోయిందంటే ఫీడ్‌బ్యాక్ పిన్‌కి సున్నా కనిపిస్తుంది, ఐసీ డ్యూటీని (సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు) ఫుల్‌కి లాగేస్తుంది, మీ 5 వోల్ట్స్ బోర్డ్‌కి దాదాపు 12 వెళ్ళిపోతుంది. ఒక డిస్‌ప్లే నేను ఇలాగే పోగొట్టుకున్నా. ఐసీ దగ్గరి అవుట్‌పుట్‌కీ సెన్స్ వైర్‌కీ మధ్య ఒక 10 ఓమ్ రెసిస్టర్ పెడితే వైర్ ఊడినా ఫీడ్‌బ్యాక్ ఉంటుంది.

బ్రెడ్‌బోర్డ్ మీద కట్టా, అందుకే అంటారా?

చాలామటుకు అందుకే. ఇన్‌పుట్ కెపాసిటర్, స్విచ్, డయోడ్ కలిసే లూప్‌లో కరెంట్ నానోసెకన్లలో ఆగుతూ మొదలవుతూ ఉంటుంది, బ్రెడ్‌బోర్డ్‌లో ఆ లూప్ ఎంత చిన్నగా కడదామన్నా జానెడు అవుతుంది. రాగి క్లాడ్ ముక్క మీద ఐసీని బోర్లా పెట్టి కాళ్ళ మీదే సోల్డర్ చేసినా దీనికన్నా వంద రెట్లు నయం.

అడాప్టర్ మీద 12 వోల్ట్స్, 1 ఆంప్ అని ఉంది. సరిపోవాలి కదా?

అవుట్‌పుట్ 10 వాట్స్, ఎఫిషియెన్సీ 80 శాతం అనుకుంటే ఇన్‌పుట్ 12.5 వాట్స్, అంటే 1.04 ఆంప్స్. అప్పటికే దాటేసింది. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, మామూలు రెసిస్టర్ ఐతే వోల్టేజ్ తగ్గితే కరెంట్ కూడా తగ్గుతుంది, స్విచింగ్ రెగ్యులేటర్ అలా కాదు, దానికి కావాల్సింది పవర్, కాబట్టి ఇన్‌పుట్ 12 నుంచి 10కి దిగితే అది 1.25 ఆంప్స్ లాగుతుంది, దాంతో అడాప్టర్ ఇంకా కుంగుతుంది, అది ఇంకా లాగుతుంది, అలా కిందకి దొర్లుకుంటూ పోతుంది. బెంచ్ సప్లై ఐతే కరెంట్ నాబ్ తక్కువలో పెట్టి మర్చిపోవడం మామూలే, సీసీ (కాన్‌స్టంట్ కరెంట్) లైట్ వెలుగుతోందేమో ఓసారి చూడండి, నవ్వకండి, గంటల తరబడి వెతికాక అదే అని తేలిన సందర్భాలున్నాయి.

ఎల్ఎం2596లో స్విచ్ బైపోలార్ ట్రాన్సిస్టర్, ఫుల్ లోడ్‌లో దాని మీదే ఒక వోల్ట్ పైన పడుతుంది, కాబట్టి 5 వోల్ట్స్ రావాలంటే ఐసీ పిన్ దగ్గర లోడ్‌తో కలిపి కనీసం 7 వోల్ట్స్ ఉండేలా చూసుకోండి. ఇన్‌పుట్ కెపాసిటర్ ఐసీ పక్కనే ఉండాలి, మన ఉదాహరణలో దాంట్లోంచి పోయే ఆర్‌ఎంఎస్ కరెంటే దాదాపు 1 ఆంప్, ఏదో దొరికింది కదా అని చిన్న ఎలక్ట్రోలిటిక్ పెడితే అది వేడెక్కి చస్తుంది.

ఫీడ్‌బ్యాక్ పిన్ కూడా పడిపోతోంది, ఇన్‌పుట్ మాత్రం బాగానే ఉంది. ఇప్పుడు?

కాయిల్ మీద అనుమానం పెట్టండి. 22 మైక్రోహెన్రీ పెట్టారనుకుంటే రిపుల్ కరెంట్ (ప్రతి సైకిల్‌లో కాయిల్ కరెంట్ పైకీ కిందకీ ఊగేది) ఇలా వస్తుంది: ఇన్‌పుట్‌లోంచి అవుట్‌పుట్ తీసేస్తే 7 వోల్ట్స్, డ్యూటీ (5ని 12తో భాగిస్తే వచ్చే) 0.417తో గుణిస్తే 2.92, దాన్ని ఇండక్టెన్స్, ఫ్రీక్వెన్సీ గుణిస్తే వచ్చే 3.3తో భాగిస్తే 0.88 ఆంప్. ఇందులో సగం సగటు పైన, సగం కింద, అంటే 2 ఆంప్స్ లోడ్‌కి కాయిల్‌లో పీక్ 2.44. కాయిల్ సాచురేషన్ కరెంట్ 1.8 ఐతే ఆ పైన కోర్ చేతులెత్తేస్తుంది, ఇండక్టెన్స్ పడిపోతుంది, కరెంట్ నిట్టనిలువునా లేస్తుంది, ఐసీలో కరెంట్ లిమిట్ ప్రతి సైకిల్‌లో స్విచ్‌ని తొందరగా ఆపేస్తుంది, అవుట్‌పుట్‌కి చేరాల్సిన పవర్ చేరదు. గ్యాప్ ఉన్న ఫెరైట్ ఐతే ఇది గోడకి గుద్దుకున్నట్టు జరుగుతుంది, ఐరన్ పౌడర్ కోర్ ఐతే మెల్లగా జారుతుంది.

కాయిల్ డేటాషీట్‌లో రెండు కరెంట్‌లు ఇస్తారు, ఒకటి సాచురేషన్ది (ఇండక్టెన్స్ ఇంత శాతం తగ్గే చోటు, ఆ శాతం ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది), రెండోది వేడెక్కేది. పీక్ కరెంట్‌ని మొదటిదానితో, లోడ్ కరెంట్‌ని రెండోదానితో పోల్చండి, రెండూ దాటకూడదు. కోర్ వేడెక్కితే ఫెరైట్ సాచురేషన్ ఇంకా ముందే వస్తుంది కాబట్టి కొంచెం చోటు వదలండి.

పాత బోర్డ్‌లోంచి పీకిన కాయిల్ వాడా, ఎల్‌సీఆర్ మీటర్‌లో 33 మైక్రోహెన్రీ కరెక్ట్‌గా చూపించింది మరి?

ఆ మీటర్ కొలిచేది దాదాపు కరెంటే లేకుండా, అప్పుడు ఏ కోరైనా బుద్ధిమంతుడే. నా కథ చెప్తా. మెయిన్స్ ఫిల్టర్‌లోంచి తీసిన ఒక ఆకుపచ్చ టొరాయిడ్ మీద వైర్ చుట్టా, మూడు నాలుగు చుట్లకే 33 మైక్రోహెన్రీ వచ్చేసింది, ఎంత బాగుందో అని మురిసిపోయా. లోడ్ ఒక ఆంప్ కూడా దాటకముందే వోల్టేజ్ కూలింది, ఐసీ ముట్టుకుంటే చుర్రుమంది. అంత తక్కువ చుట్లకి అంత ఇండక్టెన్స్ వచ్చిందంటేనే అనుమానించాల్సింది, అది గ్యాప్ లేని, పెర్మియబిలిటీ బాగా ఎక్కువ ఉన్న ఫెరైట్, కామన్ మోడ్ చోక్‌కి (మెయిన్స్ నాయిస్ ఆపే కాయిల్) చేసింది, డీసీ కరెంట్‌ని మొయ్యలేదు.

సాచురేషన్ కళ్ళారా చూడాలంటే?

కరెంట్ ప్రోబ్ ఉంటే హాయి. లేకపోతే కాయిల్‌కీ అవుట్‌పుట్ కెపాసిటర్‌కీ మధ్య 50 మిల్లీఓమ్స్ రెసిస్టర్ పెట్టి దాని మీద వోల్టేజ్ చూడండి, 2 ఆంప్స్‌కి 100 మిల్లీవోల్ట్స్ వస్తుంది. కానీ జాగ్రత్త, ఆ రెసిస్టర్‌కి ఏ చివరా గ్రౌండ్ కాదు, స్కోప్ గ్రౌండ్ క్లిప్ మెయిన్స్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది కాబట్టి మీ సప్లై గానీ లోడ్ గానీ ఎర్త్ అయ్యుంటే క్లిప్ పెట్టగానే అవుట్‌పుట్ షార్ట్. సర్క్యూట్‌ని బ్యాటరీ మీద నడిపి, దానికి ఇంకే ఎర్త్ తగలకుండా చూసుకుని క్లిప్ అవుట్‌పుట్ వైపు పెట్టండి. త్రికోణం గీతలు తిన్నగా ఉంటే కాయిల్ మంచిది. పైకెళ్ళే గీత చివర కొక్కెంలా వంకర తిరిగి లేస్తే అదే సాచురేషన్. ఇదంతా కుదరకపోతే అదే ఇండక్టెన్స్‌తో ఇంకా పెద్ద కోర్ ఉన్న కాయిల్ వేసి చూడండి, తేడా తెలిసిపోతుంది.

డయోడ్ ఏదైనా ఒకటే కదా, 1ఎన్4007 పెట్టా.

కాదు. అది 50, 60 హెర్ట్జ్ మెయిన్స్ కోసం చేసిన డయోడ్, ఆగమన్నాక ఆగడానికి దానికి మైక్రోసెకన్లు పడుతుంది. మన సైకిల్ మొత్తమే 6.7 మైక్రోసెకన్లు. స్విచ్ ఆన్ అయిన ప్రతిసారీ అది ఇంకా కండక్ట్ చేస్తూనే ఉండి ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేసినంత పని చేస్తుంది. షాట్కీ డయోడ్ (ఇలా ఆలస్యం చెయ్యని రకం) పెట్టండి. 1ఎన్5819 ఒక ఆంప్‌ది, మన లెక్కలో డయోడ్ సగటు కరెంట్ 2 ఆంప్స్ లో 58 శాతం, అంటే 1.17, కాబట్టి చాలదు. 1ఎన్5822 ఐతే 3 ఆంప్స్, 40 వోల్ట్స్, సరిపోతుంది.

అవుట్‌పుట్ కెపాసిటర్ పెద్దది పెడితే పడటం ఆగుతుందా?

తిన్నగా పడే డీసీ సమస్య ఐతే ఆగదు, ఎన్ని వేల మైక్రోఫారడ్‌లు పెట్టినా అంతే. కెపాసిటర్ దాచిపెట్టినదే ఇస్తుంది, కొత్తగా పవర్ పుట్టించదు. లోడ్ తగిలిన క్షణంలో వచ్చే గుంటకీ రిపుల్‌కీ మాత్రమే పనికొస్తుంది. రిపుల్ విషయంలో కూడా మైక్రోఫారడ్‌ల కన్నా ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి సిరీస్ రెసిస్టెన్స్) ముఖ్యం, 0.88 ఆంప్ రిపుల్ 0.2 ఓమ్ ఈఎస్ఆర్ ఉన్న పాత ఎలక్ట్రోలిటిక్‌లో 0.18 వోల్ట్ రిపుల్ చేస్తుంది.

సిరామిక్ పెడదామంటే ఇంకో మోసం, ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ రకాలు డీసీ వోల్టేజ్ పడగానే కెపాసిటెన్స్ పోగొట్టుకుంటాయి. 6.3 వోల్ట్స్ రేటింగ్‌తో చిన్న సైజులో వచ్చే 10 మైక్రోఫారడ్‌ని 5 వోల్ట్స్ మీద పెడితే సగం కూడా మిగలకపోవచ్చు. ఎక్కువ వోల్టేజ్‌ది, పెద్ద సైజుది తీసుకోండి. ఎల్ఎం2596 లాంటి పాతతరం ఐసీలు మళ్ళీ కొంచెం ఈఎస్ఆర్ ఉండాలనే ఆశిస్తాయి, ఎలక్ట్రోలిటిక్ పూర్తిగా తీసేసి ఒట్టి సిరామిక్ మీద నడిపితే ఫీడ్‌బ్యాక్ లూప్ ఊగడం మొదలెట్టే ప్రమాదం ఉంది.

లోడ్ పెంచితే కీచుమని శబ్దం వస్తోంది.

150 కిలోహెర్ట్జ్ చెవికి వినపడదు, కాబట్టి వినపడేది ఇంకేదో నెమ్మదిగా జరుగుతున్నది. కరెంట్ లిమిట్ కొట్టి ఆగి మళ్ళీ స్టార్ట్ అవుతుండొచ్చు, లూప్ ఊగుతుండొచ్చు. పీక్ కరెంట్ మోడ్ ఐసీ (కాయిల్ కరెంట్ పీక్ చూసి స్విచ్ ఆపే రకం) అయ్యి డ్యూటీ 50 శాతం దాటితే, స్లోప్ కాంపెన్సేషన్ (ఈ ఊగుడుని ఆపే సవరణ) చాలకపోతే ఒక పల్స్ వెడల్పు, ఒక పల్స్ సన్నం వస్తుంటుంది. స్విచ్ నోడ్‌ని స్కోప్‌లో చూడండి, పల్స్‌లు ఒకేలా ఉండాలి.

స్కోప్‌లో అర వోల్ట్ స్పైక్‌లు కనిపిస్తున్నాయి, ఇవే కారణమా?

ముందు ప్రోబ్ గ్రౌండ్ వైర్ తీసెయ్యండి. ఆ పొడుగు వైర్ కాయిల్ పక్కన యాంటెనాలా పనిచేస్తుంది. గ్రౌండ్ స్ప్రింగ్ పెట్టి కెపాసిటర్ కాళ్ళ మీదే చూడండి, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆన్ చెయ్యండి. చాలాసార్లు స్పైక్‌లలో ముప్పాతిక వంతు మాయం.

మొదట్లో బాగుంటుంది, అయిదు నిమిషాల తర్వాత పడుతుంది.

వేడి. 80 శాతం ఎఫిషియెన్సీ అంటే 2.5 వాట్స్ ఎక్కడో ఒకచోట వేడిగా పోవాలి, ఎక్కువ భాగం ఐసీలోనూ డయోడ్‌లోనూ. చిన్న ఫ్యాన్ పెట్టి ఊదండి, వోల్టేజ్ మళ్ళీ లేచిందంటే సమాధానం దొరికినట్టే. రాగి ఏరియా పెంచండి లేదా హీట్‌సింక్ వెయ్యండి.

ఐసీ కాకుండా మైక్రోకంట్రోలర్, మాస్ఫెట్‌తో సొంతంగా కట్టా.

గేట్ మీద ఎంత వోల్టేజ్ వెళ్తోందో చూడండి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ డేటాషీట్‌లో ఉన్న 17.5 మిల్లీఓమ్స్ గేట్‌కి 10 వోల్ట్స్ ఇచ్చినప్పటిది. దాని థ్రెషోల్డ్ (తెరుచుకోవడం మొదలయ్యే గేట్ వోల్టేజ్) 2 నుంచి 4 వోల్ట్స్ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, 3.3 వోల్ట్స్ పిన్‌తో నడిపితే సగం తెరిచిన కుళాయే. పైగా బక్‌లో ఎన్ ఛానల్ పైన ఉంటే గేట్ వోల్టేజ్ సోర్స్ కన్నా పైన ఉండాలి, సోర్స్ ఏమో 12 దాకా ఎగురుతుంది, కాబట్టి బూట్‌స్ట్రాప్ (గేట్‌కి సోర్స్ కన్నా పైన వోల్టేజ్ అందించే కెపాసిటర్ ఏర్పాటు) ఉన్న గేట్ డ్రైవర్ ఐసీ లేకుండా పని జరగదు.

బూస్ట్ (వోల్టేజ్ పెంచే కన్వర్టర్) కట్టా. 1.5 ఆంప్స్ ఐసీ అన్నారు, 5 నుంచి 12 చేస్తే అర ఆంప్ కూడా రావట్లేదు.

ఆ 1.5 స్విచ్‌లో పీక్ కరెంట్, అవుట్‌పుట్ కరెంట్ కాదు. ఎంసీ34063 తీసుకుంటే సెన్స్ రెసిస్టర్ మీద 0.3 వోల్ట్ దగ్గర కట్ చేస్తుంది, 0.22 ఓమ్ పెడితే పీక్ 1.36. మామూలు డిజైన్ ఫార్ములా ప్రకారం దాన్ని రెండుతో భాగించి, మళ్ళీ 12ని 5తో భాగిస్తే వచ్చే 2.4తో భాగిస్తే 0.28 ఆంప్. లోపల డార్లింగ్టన్ స్విచ్ తినేది తీసేస్తే ఇంకా తక్కువ. ఐసీ తప్పు కాదు, ఆ పనికి అది చిన్నది.

లోడ్‌కి సిరీస్‌లో ఆమీటర్ పెట్టగానే వోల్టేజ్ ఇంకా పడింది?

మీటర్ లోపల షంట్, ఫ్యూజ్, పైగా దాని లీడ్స్. రెగ్యులేటర్ సెన్స్ చేసేది మీటర్‌కి ముందే కాబట్టి ఆ నష్టం లోడ్‌కే. 10 ఆంప్స్ సాకెట్ వాడండి, లేదా లోడ్ రెసిస్టర్ మీద వోల్టేజ్ కొలిచి కరెంట్ లెక్కేసుకోండి, అదే మేలు.

ఎలక్ట్రానిక్ లోడ్ పెడితే అసలు స్టార్టే కావట్లేదు, రెసిస్టర్‌తో ఐతే అవుతోంది.

లోడ్ కాన్‌స్టంట్ కరెంట్ మోడ్‌లో ఉండుంటుంది. అవుట్‌పుట్ ఇంకా అర వోల్ట్ దగ్గర ఉండగానే అది 2 ఆంప్స్ లాగేస్తుంది, ఆ పైన కెపాసిటర్ ఛార్జింగ్ కరెంట్ కూడా కలిసి లిమిట్ కొడుతుంది, ఐసీ ఆగి మళ్ళీ మొదలెడుతుంది. ముందు కన్వర్టర్ ఆన్ చేసి, 5 వోల్ట్స్ నిలబడ్డాక లోడ్ ఆన్ చెయ్యండి, లేదా లోడ్‌ని కాన్‌స్టంట్ రెసిస్టెన్స్ మోడ్‌లో 2.5 ఓమ్‌కి పెట్టండి.